గేర్‌బాక్సు ఎవరు దించాలి?

కోటబొమ్మాళిలో హైవేకి దగ్గరగా ఒక రేకుల షెడ్డు. పని సర్దుకునే వేళ ఇద్దరు మాటాడుకుంటున్నారు. ఒకరు సైన్సు మాస్టారుగా రిటైరైన మనిషి, రెండోవారు ఆ షెడ్డు మేస్త్రి. మాస్టారికి మెళియాపుట్టి కొండల వైపు జీడితోట ఉంది. తోటకి వెళ్లిరావడానికి పాత మోడల్ మహీంద్రా థార్ సెకండ్‌హ్యాండులో కొన్నారు. డీజిల్ బండి, ఫోర్‌వీల్ డ్రైవ్. ఇప్పుడు దాని క్లచ్ జారుతోంది. కొత్త క్లచ్ తన వాకిట్లో, తన చేత్తోనే వేసుకుంటానని మాస్టారి పట్టు. వీల్లేదని మేస్త్రి పట్టు.

మేస్త్రి: మాస్టారూ, ఆయిలు మీరే మార్చుకున్నారు, ఫిల్టర్లు మీరే మార్చుకున్నారు, బాగుందన్నాను. క్లచ్ కాడికొచ్చేసరికి ఒప్పుకోను. ప్లేటు ఎక్కడుంతాది? ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్యన. దాని మొహం చూడాలంటేనే సగం బండి విప్పాల. మామూలు బండికి ఒక జాయింట్ షాఫ్టు, దీనికి ముందొకటీ వెనకొకటీ. మామూలు బండికి గేర్‌బాక్సు ఒక్కటే, దీనికి దాని వెనకాల ట్రాన్స్‌ఫర్ కేసు కూడా వేలాడుతుంతాది. పైన రెండు రాడ్లు, కింద క్రాస్ మెంబరు, పక్కన స్టార్టరు. ఇవన్నీ వాకిట్లో పరుచుకుని కూకుంతారా?

మాస్టారు: విప్పే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. పోయింది ప్లేటేనా? బండి ఎక్కి చూడకుండానే నువ్వు క్లచ్ సెట్టు తెప్పించమన్నావు.

మేస్త్రి: ఎక్కుడులో ఇంజను అరుస్తాది గానీ బండి కదల్లేదన్నారు. కాలిన వాసనొచ్చిందన్నారు. ఇంకేటి చూడాల?

మాస్టారు: నేను చూశాను. చదునైన చోట, ముందు ఎవరూ లేకుండా, హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, టాప్ గేరు వేసి, క్లచ్ మెల్లగా వదిలాను. క్లచ్ బాగుంటే ఇంజను ఆగిపోవాలి. ఆగలేదు. జారుతోందని నేనూ ఒప్పుకుంటాను. కానీ జారడానికి కారణాలు ఒకటికి మూడు. ప్లేటు అరిగి ఉండొచ్చు. ప్లేటు మీద నూనె పడి ఉండొచ్చు. లేదా పెడలు పూర్తిగా వెనక్కి రాక, ఎప్పుడూ కొంచెం తొక్కి పట్టినట్టే ఉండిపోతుండొచ్చు. ఆ మూడోది పైన మాస్టర్ సిలిండర్‌లోనో, కింద స్లేవ్ సిలిండర్‌లోనో ఉంటుంది. దానికి గేర్‌బాక్సు దించక్కర్లేదు. నీ షెడ్డులో ఈ మూడూ తేల్చుకున్నాకే విప్పుతున్నారా?

మేస్త్రి: తీరిక ఉంతే తేలుస్తాం. మూలపేట పోర్టు పని 2023లో మొదలైన కాడ్నుంచి టిప్పర్లోళ్లు పొద్దున్న తెచ్చి సాయంత్రానికి కావాలంతారు. కొత్తమ్మతల్లి జాతర ముందైతే ఊళ్లో బళ్లన్నీ నా షెడ్డు ముందే ఉంతాయి. ఒకోసారి సెట్టు మార్చీడమే బేగి అయిపోతాది.

మాస్టారు: అదే నేననేది. నీ షెడ్డులో మనుషులున్నారు, టైము లేదు. నా ఇంటి దగ్గర టైముంది.

మేస్త్రి: మనుషుల్లేరు. అదే నేననేది.

మాస్టారు: మనుషుల పని పరికరాలతో చేస్తాను. మంచి జాకీ ఉంది, నాలుగు స్టాండ్లు కొన్నాను. ఇటుకలు, సిమెంటు దిమ్మలు పెట్టే రకాన్ని కాదు. ఇటుక ఎప్పుడు పగులుతుందో చెప్పి పగలదు.

మేస్త్రి: స్టాండ్లు ఎక్కడ పెడతారు? మీ వాకిలి మట్టి. ఒక్క వాన పడితే స్టాండు కాలు దిగబడిపోతాది.

మాస్టారు: కింద దళసరి చెక్కలు వేస్తాను. బరువు ఎక్కువ చోటికి పంచితే నేల మీద ఒత్తిడి తగ్గుతుంది.

మేస్త్రి: సరే. బండి కదలకుండా ఎలగ ఆపుతారు?

మాస్టారు: హ్యాండ్ బ్రేకు లాగుతాను. గేరులో కూడా పెట్టి...

మేస్త్రి: ఏ గేరులో? రెండు షాఫ్టులూ విప్పీసినాక గేరుకీ చక్రానికీ సంబంధం ఏటున్నాది? ఐదు గేర్లలో ఏదేసినా బండి న్యూట్రల్లో ఉన్నట్టే. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు.

మాస్టారు: ఈ మార్కు నీదే. చక్రాలకి ముందూ వెనకా దిమ్మలు వేయాలి, బ్రేకు ఒక్కదాన్నీ నమ్మకూడదు. ఈ బండికి హ్యాండ్ బ్రేకు వెనక చక్రాల్లో ఉంది కనక షాఫ్టు తీసినా పట్టుకుంటుంది. మహీంద్రా వాళ్లు 1947లో మన దేశంలో బిగించడం మొదలుపెట్టిన విల్లీస్ జీపులకి ఆ బ్రేకు ట్రాన్స్‌ఫర్ కేసు వెనకాలే ఉండేది. షాఫ్టు విప్పిన క్షణాన బ్రేకు కూడా విప్పినట్టే. అలాంటి పాత జీపు కిందికి ఎవరైనా దూరుతుంటే ఇది ముందు చెప్పాలి.

మేస్త్రి: ఇంకోటి చెప్పండి. క్రాస్ మెంబరు తీసినాక ఇంజను ఏటవుతాది?

మాస్టారు: గేర్‌బాక్సు వెనక భాగం దాని మీదే ఆని ఉంటుంది. అది తీస్తే వెనక ఆధారం పోయి ఇంజను వెనక్కి ఒరుగుతుంది. ఫ్యాను వెళ్లి దాని చుట్టూ ఉన్న తొడుగుకి తగులుతుంది, గొట్టాలు లాగేస్తాయి. అందుకని ముందే సంపు కింద చెక్క పెట్టి, దాని కింద ఇంకో జాకీ ఆనించాలి. చెక్క లేకుండా జాకీ పెడితే సంపు సొట్టపోతుంది.

మేస్త్రి: పుస్తకం బాగానే చదివినారు. పుస్తకంలో బరువుండదు. ట్రాన్స్‌ఫర్ కేసు ఒక పక్కకి బరువెక్కువ. జాకీ మీద నిలబడ్డట్టే ఉండి, బెల్ హౌసింగు ఇంజనుని ఒదిలిన క్షణాన పక్కకి తిరుగుతాది. ఆ క్షణాన మీ చెయ్యి ఎక్కడుంతే అక్కడే నలుగుతాది. నేను చైన్ బ్లాకుతో పట్టిస్తాను, ఒక గుంటడు వెనక, ఒకడు పక్కన. నేను మధ్యలో ఉండి "ఆపు" అంతాను. ఆ ఆపు అనే మాటకే మీరిచ్చే లేబరు.

మాస్టారు: ఆ మాట విలువైనదే. కాదనను. కానీ దించడమూ ఎక్కించడమూ ఈ పనిలో రెండు పూటలు. మిగిలినదంతా చూపు. నీకు లేబరిచ్చిన బండి యజమాని ఆ చూపు ఎప్పుడైనా చూశాడా? పాత ప్లేటు ఆయన వచ్చేసరికి పాత ఇనుప సామాన్ల కుప్పలో ఉంటుంది.

మేస్త్రి: చూసి ఏటి చేస్తారు? అరిగిపోనాది కదా.

మాస్టారు: ఎలా అరిగిందో చూడాలి. ఈ ఇంజను గరిష్ఠ టార్క్ 247 న్యూటన్ మీటర్లు. అదంతా ఒక్క పన్ను కూడా లేకుండా రాపిడి మీదే గేర్‌బాక్సుకి చేరాలి. ప్రెషర్ ప్లేటు ఎంత బలంగా నొక్కుతోంది, లైనింగు ఎంత గరుకుగా ఉంది, ప్లేటు ఎంత వెడల్పు, ఎన్ని ముఖాలు రాసుకుంటున్నాయి: ఈ నాలుగూ గుణిస్తే వచ్చేదే క్లచ్ శక్తి. రెండు ముఖాలు, వెడల్పు మారవు. మారేవి నొక్కుడూ గరుకూ. ఏది తగ్గిందో ప్లేటే చెబుతుంది. రివిట్ల దాకా సమంగా అరిగితే వయసు. అద్దంలా మెరుస్తూ, ఫ్లైవీల్ మీద నీలం మచ్చలుంటే వేడి. తడిగా ఉంటే నూనె.

మేస్త్రి: నీలం మచ్చలే ఉంతాయి, నేనిప్పుడే చెప్తాను. తోట ఎక్కుడులో జీడిగింజల బస్తాలేసుకుని లో రేంజి వేయకుండా హై రేంజిలోనే ఎక్కిస్తారు. ఎక్కలేక మధ్యలో ఆగితే బ్రేకు మీద కాకుండా హాఫ్ క్లచ్ మీద నిలబెడతారు. ఆ పొట్టి రాడ్డు మీకెందుకిచ్చినారు? లో రేంజి వేస్తే బండి నెమ్మదిగా నడుస్తాది, క్లచ్ మీద కాలు తీసీవొచ్చు. జబ్బు గేర్‌బాక్సు ముందు లేదు మాస్టారూ, మీ ఎడమ కాల్లో ఉన్నాది.

మాస్టారు: ఉండొచ్చు. విప్పి చూడకుండా నువ్వూ తేల్చలేవు, నేనూ తేల్చలేను.

మేస్త్రి: నూనె పడిందనుకోండి. ఏ నూనో ఎలగ తెలుస్తాది?

మాస్టారు: ఇంజను వెనక సీలు పోతే ఇంజనాయిలు, గేర్‌బాక్సు ముందు సీలు పోతే గేరాయిలు.

మేస్త్రి: అది బొమ్మ చూసి చెప్పిన జవాబు. బెల్ హౌసింగు లోపల అడుగున వేలు పెట్టి రాయండి. ముక్కు కాడ పెట్టండి. గేరాయిలు జిగటగా ఉంతాది, గంధకం కంపు కొడతాది, ఆ కంపు సబ్బుతో కడిగినా బేగి పోదు. డీజిల్ ఇంజనాయిలు నల్లగా మసిలాగుంతాది, పలచగా జారుతాది. ఏ కంపు వస్తే ఆ సీలు మార్చాల. సీలు ఒగ్గీసి కొత్త ప్లేటు వేసినోడు కొన్నాళ్లకి మళ్లీ గేర్‌బాక్సు దించుతాడు.

మాస్టారు: నీ షెడ్డులో అన్నిసార్లూ సీలు మారుస్తావా?

మేస్త్రి: చెప్తాను. వద్దంతారు. "ప్లేటెయ్, చాలు" అంతారు.

మాస్టారు: నా బండికి నేనే కస్టమర్ని, నేనే మేస్త్రిని. వద్దనేవాడు లేడు. ఒకసారి దించాక ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు, పైలట్ బేరింగు, సీళ్లు, అన్నీ మారుస్తాను. ఫ్లైవీల్ మీద గోరు పెట్టి లాగుతాను. గోరు పట్టుకునేంత గీత ఉంటే టెక్కలో శ్రీకాకుళమో తీసుకెళ్లి లేత్ మీద పెట్టిస్తాను.

మేస్త్రి: ఈ బండికైతే పెట్టించండి. కొత్త డీజిల్ బళ్లలో కొన్నిటికి రెండు ముక్కల ఫ్లైవీలు వస్తాది, మధ్యన స్ప్రింగులు. దాన్ని మామూలు ఫ్లైవీల్లాగ లేత్ మీద పెట్టకూడదు. ఇంకో మాట, లోపల పొడి ఉంతాది కదా, దాన్ని కంప్రెసరు గాలితో కొట్టకండి. పాత ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండేది. ఇప్పుడు లేదన్నా ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. తడిగుడ్డతో తుడవాల. సరే, పైలట్ బేరింగు ఎలగ తీస్తారు? పుల్లర్ ఉందా?

మాస్టారు: అది కొనాలి.

మేస్త్రి: అక్కర్లేదు. ఆ కన్నంలోకి గ్రీజు దట్టించండి. కన్నానికి సరిగ్గా బిగుతుగా పట్టే రాడ్డు చూసుకుని సుత్తితో కొట్టండి. గ్రీజు వెనక్కెళ్లి బేరింగుని తోసుకుంటూ వస్తాది. రెండు మూడు సార్లు గ్రీజు నింపాల, అంతే. మా మేస్త్రి చూపించినాడు. ఎలగ వస్తాదో నాకిప్పటికీ తెలీదు.

మాస్టారు: అది పాస్కల్ సూత్రం. మూసి ఉన్న చోట ద్రవాన్ని ఒక దగ్గర నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకీ సమానంగా పాకుతుంది. గ్రీజుకి వెనక దారి లేదు, పక్కల దారి లేదు, కదిలేది బేరింగు ఒక్కటే. నీ జాకీ నడిచేదీ, నా క్లచ్ పెడలు నడిచేదీ దాంతోనే. నువ్వు బడి మానేసిన ఏడే ఆ పాఠం చెప్పాను.

మేస్త్రి: పాఠం వినలేదు గానీ బేరింగులు మాత్రం చాలానే తీసినాను.

మాస్టారు: అందుకే అంటున్నాను, చేసేవాడికి ఎందుకో తెలియాలి. ఎందుకో తెలిస్తే చేత్తో రాకపోయినా తప్పెక్కడ జరుగుతుందో ఊహించగలం. ఉదాహరణకి గేర్‌బాక్సు ఎక్కించేటప్పుడు షాఫ్టు ప్లేటు మధ్యలోకి దూరాక బరువంతా దాని మీద వేలాడదీయకూడదు. వేలాడితే ప్లేటు మధ్య హబ్ వంగుతుంది. వంగిన ప్లేటు పూర్తిగా వదలదు, గేరు వేస్తే కరకరమంటుంది.

మేస్త్రి: అది తెలిసినోళ్లు కూడా ఇంకో తప్పు చేస్తారు. హౌసింగు మూతి ఇంజనుకి పూర్తిగా ఆనదు, వేలెడు సందు ఉండిపోతాది. విసుగొచ్చి బోల్టులు బిగించి లాక్కుంతారు. టప్ మని చెవి ఇరుగుతాది. అది అల్యూమినియం. చేత్తో తోస్తే ఆనాల, ఆనకపోతే లోపల ఏదో సరిగ్గా కూకోలేదని. మళ్లీ వెనక్కి లాగి, ప్లేటు సెంటరు చూసుకుని, షాఫ్టు కొంచెం తిప్పి తోయాల. ఆ విసుగు వచ్చేది మొత్తం పనిలో చివర్న, ఒళ్లు అలిసిపోయినాక. మీకు టైముందన్నారు. ఓపిక ఉంతాదా?

మాస్టారు: ఆ పూటకి ఆపేసి మర్నాడు ఎక్కిస్తాను. నీ షెడ్డులో అలా ఆపగలవా? ప్లేటు తిరగేసి వేయడం, ప్రెషర్ ప్లేటు బోల్టులు ఒక్కొక్కటీ పూర్తిగా బిగించుకుపోవడం, ఇవన్నీ తొందరలోంచి వచ్చే తప్పులే. ప్లేటు మీద ఫ్లైవీల్ వైపు ఏదో రాసే ఉంటుంది. బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. తీరిగ్గా చేసేవాడికి ఇందులో కష్టమేముంది?

మేస్త్రి: తప్పు అప్పుడే కనిపించదు, అదీ కష్టం. ఆయిలు తప్పుగా పోస్తే అప్పుడే తెలుస్తాది. క్లచ్ తప్పు అంతా ఎక్కించి, షాఫ్టులు బిగించి, ఆయిలు పోసి, పెడలు తొక్కినప్పుడు తెలుస్తాది. అప్పుడు మళ్లీ మొదట్నుంచి. నేను బిగించిన బండి దారిలో ఆగితే జనం నా ఇంటికొస్తారు. మీరు బిగించిన బండి రేపు ఎవరికైనా అమ్మినారనుకోండి, ఆడు ఎవరింటికెళ్తాడు?

మాస్టారు: బాధ్యత అంటున్నావు, బాగుంది. మరి 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి సుమారు 2,544 కోట్ల జరిమానా వేసింది, తెలుసా? స్పేర్ పార్టులు బజార్లో స్వేచ్ఛగా దొరకనివ్వడం లేదనీ, బయటి మెకానిక్కులకి రిపేరు సమాచారం, పరికరాలు అందనివ్వడం లేదనీ. కంపెనీలు ఏమని వాదించాయి? భద్రత, నాణ్యత, బాధ్యత. నువ్విప్పుడు నాతో చెప్పిన మాటలే. ఆ ఉత్తర్వు మీద కంపెనీలు కోర్టుల మెట్లెక్కాయి, అది వేరే కథ. 2022 డిసెంబరులో కేంద్రం రిపేరు హక్కు పేరుతో పోర్టల్ కూడా పెట్టింది, అందులో వాహనాలూ ఉన్నాయి. నీ షెడ్డుకి తలుపు తెరవమన్న న్యాయం నా వాకిటికి ఎందుకు వర్తించదు?

మేస్త్రి: న్యాయం నాకు తెలీదు. పార్టు దొరకాల, నిజమే. చెయ్యి మాత్రం బజార్లో దొరకదు.

మాస్టారు: చెయ్యి చేస్తేనే వస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఏమైంది? ఉద్దానంలో కొబ్బరి చెట్లు దారులకి అడ్డంగా పడ్డాయి, కరెంటు స్తంభాలు ఒరిగిపోయాయి. కంప్రెసరు తిరగదు, వెల్డింగు అంటుకోదు, ఫోను మోగదు. అలాంటప్పుడు ఎవరి బండి వాళ్లు విప్పుకోగలగాలి.

మేస్త్రి: ఆ రోజుల్లో దారి తీసినోళ్లెవరు, బళ్లు కదిలించినోళ్లెవరు? ఊళ్లో ఉన్న పనోళ్లు. మీరు చెప్పింది నా మాటకే సాక్ష్యం. ఊళ్లో పనోడు ఉండాలంటే ఊళ్లో ఆడికి పని దొరకాల. మాస్టారూ, అసలు మాట చెప్పమంతారా? మీరు చేసుకుంతే మీ బండి బాగవుతాది, మా గుంటడికి పని రాదు. కొత్త బళ్లు వారంటీ ఉన్నంతకాలం కంపెనీ సర్వీసుకెళ్లిపోతాయి. పాత బళ్లే మాకు దిక్కు. వాటిల్లో గేర్‌బాక్సు దించే పని ఎప్పుడో గానీ రాదు. అది కూడా మీలాంటోళ్లు ఇంటికాడ చేసుకుంతే ఆడు దేని మీద నేర్చుకుంతాడు? పంచర్లేసి, ఆయిళ్లు మార్చి, విసిగి హైదరాబాదు రైలెక్కుతాడు. అక్కడ కూలికే. మనవైపు నుంచి వలస పోయినోళ్లలో చేతిలో పని పట్టుకుని పోయినోళ్లు ఎంతమంది?

మాస్టారు: ఇది ముందే చెప్పాల్సింది. నా గుండెల మీద గేర్‌బాక్సు పడుతుందని మొదలెట్టావు.

మేస్త్రి: అదీ అబద్ధం కాదు.

మాస్టారు: కాదు. అయితే ఒకటడుగుతాను. నీ షెడ్డులో గేర్‌బాక్సు దిగాక ఫ్లైవీల్ మీద చెయ్యి పెట్టి చూసేదెవరు? నువ్వు. సెంటరు చేసేదెవరు? నువ్వు. గుంటడు పానాలందిస్తాడు, బరువు మోస్తాడు. బేగి అవ్వాలని అసలు పని నువ్వు లాక్కుంటావు. ఆడికి పని రాకపోవడానికి నా వాకిలి కారణం కాదు, నీ తొందర కారణం. ఆ గుంటణ్ణి నా దగ్గరికి పంపు. కూలి నేనిస్తాను, నీకు కాదు, ఆడి చేతికే. మొదటి బోల్టు నుంచి చివరి బోల్టు దాకా ఆడే చేస్తాడు. నేను పక్కనుంటాను.

మేస్త్రి: షెడ్డు వెనకాల సిమెంటు గచ్చున్నాది. అక్కడ చెయ్యండి.

మాస్టారు: అక్కడ నువ్వుంటావు. సగంలో వచ్చి పానా లాక్కుంటావు.

మేస్త్రి: మట్టి వాకిట్లో నేనొప్పుకోను. మీ పక్కింటోళ్లకి వరి నూర్చుకునే గచ్చున్నాది కదా, అది అడగండి. చైన్ బ్లాకు పంపుతాను. దించే పూటా ఎక్కించే పూటా నేనొస్తాను, ఆ రెండు పూటలూ మీరు బండి కింద ఉండరు. మధ్య రోజులు మీవీ ఆడివీ. సెట్టు ముందే కొనీకండి. పాత ప్లేటు చేతిలోకొచ్చాక దాని వెడల్పు కొలిచి, మధ్యలో పళ్లు లెక్కపెట్టి, అప్పుడు కొనమనండి ఆడిని. ఇంకోటి, ఆడేటి చేసినా ఎందుకని అడగండి. తెలీదంతే మీరు చెప్పండి. మా మేస్త్రి నాకు చెయ్యమన్నాడు గానీ ఎందుకో చెప్పలేదు. నేనూ ఆడికలగే చెప్తున్నాను.

మాస్టారు: నాదీ ఒక షరతు. పనిలో తప్పు జరిగితే ఆ గుంటడి మీద అరవకూడదు.

మేస్త్రి: అరవకపోతే పని ఎలగొస్తాది? మీరు నా మీద అరవలేదేటి?

మాస్టారు: అరిచాను. నువ్వు బడి మానేశావు.

మేస్త్రి: నేను మానేసింది అరిచినందుక్కాదు, ఇంట్లో గడవక. అయినా సరే, అరవను. కూలి మాత్రం ఏ రోజుది ఆ రోజే ఇవ్వండి.